బాలమ్మ అవ్వకు సుస్తీ

1968, ఏప్రిల్ చివరి వారం. తార్నాకలో మేము అద్దెకుంటున్న ఇంటి గేటు తీసేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. చీర చెమటకు వీపుకు అతుక్కుపోయింది. వరండాలో మా పిల్లలను చూసుకునే బాలమ్మ అవ్వ గోడకు ఆనుకుని, నల్ల గొంగడి మెడదాకా కప్పుకుని కూర్చుంది. ఆ ఎండలో గొంగడి చూసి నాకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత ఆమె ఎటు చూస్తోందో గమనించాను.

పెరటి తలుపు తెరిచి ఉంది. అవతల నీళ్ళు నిలవచేసే హౌజు గట్టు మీద మూడేళ్ళ మా చిట్టి బోర్లా పడుకుని, చెంబుతో నీళ్ళు అందుకోబోతోంది. కాళ్ళు రెండూ గాలిలో ఉన్నాయి. అవ్వ అదే చూస్తోంది. గొంగడిలోంచి చెయ్యి బయటికి వచ్చింది. “చిట్టీ...” అంటోంది. ఆ పిలుపు గడప కూడా దాటలేదు. మగమనిషి బావిలోంచి మాట్లాడినట్టుంది.

పరుగెత్తి చిట్టిని ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి అవ్వ గోడ పట్టుకుని సగం లేచి ఉంది. ఆ సగం దగ్గరే ఆగిపోయి ఆయాసపడుతోంది. ప్రమాదం చిట్టి ఒక్కదానికే కాదని నాకు అప్పుడే అనిపించింది.

“నేను జూస్తనే ఉన్న బిడ్డా. లేవాల్నని అనుకుంటనే ఉన్న. కాళ్ళు నా మాట ఇంటలెవ్వు” అంది, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

లోపలి నుంచి ఆరేళ్ళ మా సుధ దుప్పటి కప్పుకుని వచ్చింది. అచ్చం అవ్వలాగే కళ్ళు అరమోడ్చి, అడుగులో అడుగు వేస్తూ, “సుస్తీ అవ్వ వచ్చింది, సుస్తీ అవ్వ వచ్చింది” అని ఆడుతోంది.

ఇక నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మాది తెనాలి దగ్గర. మా నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. నేను బి.ఏ. చదివాక పెళ్ళై, మావారి ఉద్యోగం మూలంగా హైదరాబాదు వచ్చాను. యూనివర్సిటీ వాళ్ళూ కొందరు డాక్టర్లూ కలిసి ఒక సర్వే మొదలుపెడితే అందులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. అంటే గడప గడపకూ వెళ్ళి ప్రశ్నలడిగి, జవాబులు రాసుకొచ్చే మనిషిని. పెద్ద వయసువాళ్ళు ఏ జబ్బులతో ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు వస్తారు, ఏ జబ్బులను ఇంట్లోనే మోస్తూ ఉండిపోతారు అన్నది మేము తెలుసుకోవలసిన విషయం. నా వంతుకు క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్ వచ్చింది. అవ్వ ఇల్లూ అక్కడే. కొడుకు, కోడలు యాదమ్మ, వాళ్ళ పిల్లలు, అవ్వ. నేను పనికి వెళ్ళినప్పుడు మా పిల్లలను చూసుకోవడానికి ఆమె రెండేళ్ళుగా వస్తోంది. నిరుడు చిట్టిని చంకనేసుకుని వీధి చివరి జామచెట్టుదాకా పరుగెత్తిన మనిషి.

సర్వేలో అందరినీ ఒకే మాటలతో అడగాలి. ఒకరిని ఒకలా, మరొకరిని మరోలా అడిగితే జవాబులు పోల్చడానికి పనికిరావు. మా మొదటి ప్రశ్న ఇది: “ఈ మధ్య మీకు సుస్తీ చేసిందా?” దీన్ని తయారుచేసిన వాళ్ళందరూ మా వైపు వాళ్ళే. మా వైపు సుస్తీ చేసిందంటే ఒంట్లో బాగాలేదని. ముసలివాళ్ళ దగ్గర జబ్బు అనడం మోటుగా ఉంటుందని ఆ మర్యాదైన మాట పెట్టారు.

ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా మాణికేశ్వర్ నగర్‌లో నాకు చీవాట్లే. ఒక తాత గొడ్డలి కింద పెట్టి మరీ అన్నాడు: “సుస్తా? నాకా? గిప్పుడే కట్టెలు కొట్టొచ్చిన. సుస్తీగాళ్ళు గాడ అరుగు మీద పండిన్రు, పోయి వాళ్ళనడుగు!” మా బాలమ్మ అవ్వను అడిగితే చీపురు ఎత్తి చూపించింది. అందరికీ “లేదు” అని రాసుకున్నాం. ఇక్కడి ముసలివాళ్ళు ఉక్కుపిండాలని మా ఆఫీసులో మురిసిపోయారు కూడా.

హౌజు సంగతి జరిగిన మర్నాడు అవ్వ రాలేదు. ఆమె బదులు కోడలు యాదమ్మ వచ్చింది. క్యాంపస్ తోటల్లో పని చేసే మనిషి. చేతిలో ఇంకా కొడవలి ఉంది.

“అత్తకు సుస్తీ మస్తుగైందమ్మా” అంది.

“అయ్యో, మరి నాకు చెప్పవేం? ఎప్పటినుంచి? డాక్టరుకు చూపించారా?”

యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “సుస్తీకి డాక్టరేందమ్మా! సుస్తీకి సూదేస్తరా? అట్లయితే ముందు మా ఆయనకు ఏపియ్యాలె.”

“జ్వరమా? దగ్గా? ఏమిటి సుస్తీ?”

“జొరం లేదు, దగ్గు లేదు. వొట్టి సుస్తీ. పండితే లేవది, లేస్తే నడవది, నడిస్తే చేరది. ఎండల చలి అంటది. పొయ్యి మీద కూర పెట్టి గాడనే కూసొని తూగుతది. తిట్టి తిట్టి నా నోరు నొస్తున్నది. ఐతారం నాడు ఊరికి తోలిస్తున్నమమ్మా. మా ఆడబిడ్డ ఇంట్ల పండనీ, ఎంతసేపు పంటదో.”

అప్పుడు అర్థమైంది. ఆమె సుస్తీ అంటే బద్ధకం, ఒళ్ళుదొంగతనం. ఉర్దూలోంచి వచ్చిన అర్థం. నేను సుస్తీ అంటే జబ్బు. తాత గొడ్డలి ఎందుకు కింద పెట్టాడో, అవ్వ చీపురు ఎందుకు చూపించిందో ఒక్క క్షణంలో తెలిసింది. ఇన్నాళ్ళూ మేము ఊరందరినీ “మీరు సోమరిపోతులా?” అని అడుగుతున్నామన్నమాట.

నవ్వుకోవలసిన సంగతే. కానీ నాకు నవ్వు రాలేదు. యాదమ్మ బద్ధకమని వరసగా చెప్పినవన్నీ నా చెవికి జబ్బు లక్షణాలుగానే వినపడ్డాయి. రెండు చోట్ల రెండు అర్థాలున్న ఆ మాట ఈ ఒక్క మనిషిలో కలిసినట్టు తోచింది. ఎండలో చలి బద్ధకం కాదు. గొంతు మారడం బద్ధకం కాదు. బిడ్డ హౌజులోకి ఒరుగుతుంటే చూస్తూ లేవలేకపోవడం ఎంత సోమరికైనా సాధ్యం కాదు. ఆ పల్లెలో డాక్టరు లేడు. ఆమెను అక్కడికి పంపితే పడుకున్నది పడుకున్నట్టే పోతుంది.

“ఆదివారం పంపుదురుగాని. శనివారం ఒక్కరోజు నాకివ్వు” అన్నాను.

“తీసుకపో. గాడ గూడ పంటది” అంది యాదమ్మ.

మా సర్వేకు పెద్ద ఒక డాక్టర్ సాబ్. హైదరాబాదు మనిషి, ఇంట్లో ఉర్దూ. శనివారం క్యాంపస్‌లోని మా గదికి అవ్వను రిక్షాలో తీసుకెళ్ళాను. ముందు మాట సంగతి చెప్పగానే ఆయన పగలబడి నవ్వారు.

“అరె, నన్నడిగితే చెప్తుంటి గద బేటీ! సుస్తీ అంటే మా ఇంట్ల నన్ను మా బేగం తిట్టే తిట్టు.” అవ్వను చూసి నవ్వు ఆపారు. “గీ అవ్వకు ఏం జబ్బు లేదని నువ్వే రాసుకొచ్చినవ్ గద?”

“ప్రశ్న తప్పు సార్, అవ్వ తప్పు కాదు. మీరు చూడండి. ఏమీ లేదంటే నేనే క్షమాపణ చెప్పి ఇంట్లో దింపుతాను.”

ఆయన అవ్వ చెయ్యి పట్టుకున్నారు. చల్లగా, పొట్టు లేస్తున్న చర్మం. ముఖం ఉబ్బి ఉంది. కనుబొమ్మల చివరలు రాలిపోయాయి. నేను రోజూ చూసే ముఖమే, కొద్ది కొద్దిగా మారడం వల్ల నా కంటికి ఆనలేదు. తర్వాత అవ్వను కుర్చీ మీద మోకాళ్ళతో నిలబెట్టి, మడమ వెనక రబ్బరు సుత్తితో చిన్నగా తట్టారు. దీన్ని యాంకిల్ జెర్క్ అంటారు. తట్టగానే పాదం ఎగిరి, వెంటనే మామూలు చోటికి రావాలి.

“కాలు మీద కొడ్తవేంది సాబ్? నేనేం దొంగతనం జేసిన?” అంది అవ్వ, మెల్లగా.

“నువ్వు జెయ్యలే అవ్వా. నీ ఒంట్ల ఒకడు జేసిండు.” నన్ను దగ్గరికి పిలిచారు. “పాదం ఎగురుడు చూడకు బేటీ, వాపసు వచ్చుడు చూడు.”

చూశాను. పాదం ఎగిరింది. వెనక్కి మాత్రం నిద్రలోంచి లేచినట్టు, మెల్లగా, తీరిగ్గా వచ్చింది. అవ్వ మాటలాగే, అవ్వ లేవడంలాగే.

జబ్బు పేరు మిక్సెడీమా. గొంతు ముందు ఉండే థైరాయిడ్ గ్రంథి పని తగ్గించేస్తే ఒళ్ళంతా మంట తగ్గించిన పొయ్యిలా అవుతుంది. చలి, నిద్ర, బొంగురు గొంతు, మందగించిన ఆలోచన అన్నీ వస్తాయి. వయసు మళ్ళినవాళ్ళలో ఇది ముసలితనం వేషం వేసుకుని వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. వదిలేస్తే ఒకరోజు నిద్రలేవరు. మందు మాత్రం ఉంది. గుండెకు ఒత్తిడి కాకుండా కొంచెం కొంచెంగా పెంచుతూ, రోజూ వేసుకోవాలి.

ఆ సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళి యాదమ్మకు చెప్పాను.

“సుస్తీకి గోలీలున్నయా?” అంది యాదమ్మ. తర్వాత అత్త వైపు తిరిగి, కోపం పోని గొంతుతోనే, “మరి ముందే చెప్పొద్దా, గిన్ని తిట్లు ఊకెనే తింటివి!” అంది.

“తిట్లకు గోలీల్లెవ్వు గద, మింగిన” అంది అవ్వ.

ఆదివారం బస్సు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత మా ప్రశ్న మార్పించాను. సుస్తీ చక్కని తెలుగు మాటేగా అని ఒకరిద్దరు అడ్డు చెప్పారు. చక్కదనానికి కాదు, జవాబుకు అడుగుతున్నాం అన్నాను. డాక్టర్ సాబ్ నా పక్షం. కొత్త ప్రశ్న: “నిరుడు చేసిన పనుల్లో ఈ ఏడు ఏది చేతకావడం లేదు?” అవే గల్లీలకు మళ్ళీ వెళ్ళాను. గొడ్డలి తాత అరుగు మీద చోటు చూపించి, “కూసో. కట్టెలు కొడ్త, కని ఆటెన్క దమ్ము అందది” అని మొదలుపెట్టాడు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే. పెద్దవాళ్ళను జబ్బు పేరు అడగకూడదు. ఏ పని ఆగిపోయిందో అడగాలి. ఆగిన పని దగ్గరే జబ్బు దొరుకుతుంది.

పిల్లలు పడుకున్నాక, హౌజు మీద కొత్తగా వేయించిన రేకు మూత ఇంకోసారి చూసి వచ్చి ఇది రాస్తున్నాను. వానలు మొదలయ్యాయి. అవ్వ గొంగడి ఇప్పుడు వానకే కప్పుకుంటోంది. గొంతు మళ్ళీ ఆడగొంతు అయింది. వీధి చివరికి వినపడుతోంది.

నాకు మాత్రం పరీక్ష జరిగిన మర్నాటి ఉదయమే ఎక్కువ గుర్తుంది. ఆదివారం, మేము చర్చికి తయారవుతున్నాం. అవ్వ ఊరి బస్సు ఎక్కవలసిన వేళకు యాదమ్మ భుజం పట్టుకుని మా వీధిలోకి వచ్చింది. గేటు దగ్గర సుధ దుప్పటి తీసి కప్పుకోబోయింది. పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

“నువ్వు సుస్తీ అవ్వ అన్నావు చూడు సుధా, అది నిజమే. తాతగారి ఊళ్ళో ఎలా అంటారో అలా. అవ్వకు సుస్తీ చేసింది. పోయిన వానల్లో నీకు జ్వరం వస్తే ఎవరైనా నిన్ను వెక్కిరించారా?”

“లేదు. నువ్వు రొట్టె, పాలు ఇచ్చినవు.”

“అవ్వ కాళ్ళు ఇప్పుడు ఆమె మాట వినడం లేదు. గోలీలు వేసుకుంటే వింటాయి. అందాకా అవ్వ మిమ్మల్ని పిలవనక్కర్లేకుండా మీరే ఆమె పక్కన కూర్చోవాలి. ఆమె లేస్తే చెయ్యి ఇవ్వాలి.”

“అవ్వ మళ్ళ ఉరుకుతదా?” అంది చిట్టి, అవ్వ దగ్గర నేర్చుకున్న మాటతోనే.

“ఉరుకుతుంది. అప్పుడు మీరు దొరక్కుండా తప్పించుకోండి, చూద్దాం” అన్నాను.