అయిదిళ్ళకు ఎనిమిది గోడలు

అయిదు కుటుంబాలం కలిసి బతుకుదామని నరసరావుపేట శివార్లలో స్థలం కొన్నాం. అందులో నేనొక్కదాన్నే ఒక కుటుంబం. వరసగా అయిదు చిన్న ఇళ్ళు, అందరికీ కలిపి ఒక పెద్ద వంటిల్లు. అదీ మా ప్లాను. ఆ వంటింటి మీద అందరికంటే ఆశ నాకే. మా ఆయన పోయాక అర గ్లాసు బియ్యం కుక్కర్లో పడేసుకుని, టీవీకి ఎదురుగా కూర్చుని తినేదాన్ని. ప్లాను కాగితం చేతికొస్తే నా ఇల్లు వెతుక్కోలేదు, పొయ్యి ఎక్కడా అని వెతికాను.

కలిసి బతకడానికి ఇంత ఖర్చవుతుందని ఎవరికి తెలుసు? రిజిస్ట్రేషన్, బోరు, కరెంటు స్తంభాలు, ఒకటి తీరితే ఇంకొకటి నోరు తెరిచేది. చివరికి మాలో మిర్చి వ్యాపారం చేసే అన్నయ్య అందరినీ స్థలంలో కూర్చోబెట్టి, డబ్బు చాలదు, వంటిల్లు మానేద్దామన్నాడు. ఎవరి పొయ్యి వాళ్ళకుందిగా అని ఆయన వాదన. అందరూ తలలూపారు. నాకు ఏడుపొచ్చింది. అది కనబడకూడదని లేచి పునాదుల వైపు నడిచాను.

అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య పక్కపక్కనే రెండేసి గుంటలు తవ్వి ఉన్నాయి, జానెడు ఎడంతో. మురుగు కాలవలు కాబోలనుకుని మేస్త్రీని అడిగాను.

"ప్రహరీలమ్మా. ఉమ్మడి గోడైతే రేపు కోర్టుకెక్కుద్దని ఎవరికి వాళ్ళు ఏరేగా చెప్పారు. మీరూ ఫోన్ చేశారుగా?"

చేశాను. స్థలం కొంటే ముందు గోడ పెట్టుకోవాలని మా పల్నాడులో ఉగ్గుపాలతో నేర్పుతారు. కలిసి బతకడానికొచ్చి, జానెడు సందుతో ఎనిమిది గోడలు! ముందు నవ్వాను, తర్వాత అందరినీ కేకేశాను. ఎవరి గుంట ముందు వాళ్ళు దొంగల్లా నిలబడ్డారు. ఆ గోడల ఖర్చుతో వంటిల్లు లేచి, నాపరాళ్ళు కూడా పరచొచ్చన్నాడు మేస్త్రీ.

కుట్టు షాపు నడిపే ఆపా ముందు తేరుకుంది. "నా గోడ నాకొద్దు. ఆ రాయంతా వంటింటికి పెట్టండి."

తర్వాత మిగతావాళ్ళూ సరేనన్నారు. అన్నయ్య చానాసేపు మీసం దువ్వుకున్నాడు. "నేనొక్కణ్ణే కట్టుకుంటే, ఏందిరా ఈడి గోల అని ఊరంతా నవ్వదూ?" అన్నాడు. ఆపా పొట్ట పట్టుకుని నవ్వుతూ మట్టికుప్ప మీద కూలబడింది. మేమూ ఆగలేకపోయాం.

గోడల గుంటల్లో ఇప్పుడు గోంగూర పెరుగుతోంది. వంటింట్లో రోజుకొకరి వంతు.

మొన్న అందరూ మాచర్లలో పెళ్ళికి వెళ్ళారు. నాకు మోకాలు నొప్పి, ఉండిపోయాను. అలవాటుగా అందరికీ సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేశాను. ఉడుకుతుంటే గుర్తొచ్చింది. నవ్వుకుంటూ ఆపాకు ఫోన్ చేసి, అన్నం ఎక్కువైందని చెప్పాను.

పెళ్ళిభోజనం చేసి వచ్చినవాళ్ళు, ఒక్కరూ వద్దనకుండా మళ్ళీ విస్తళ్ళ ముందు కూర్చున్నారు.