పది గంటల కూత

ఆనకట్ట పక్కన గుట్ట మీది రేకుల గదిలో ఇరవై రెండేళ్లుగా ఒకే పని చేస్తున్న మనిషిని కింద వీధిలో అందరూ కూత తాత అనేవారు. ఆయన పని ఇంతే: గంటకోసారి నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం, పొద్దున సరిగ్గా పదింటికి సైరన్ మోగించి పరీక్షించడం. పరీక్షకు ఒక కూత, ప్రమాదానికి మూడు కూతలు అని గోడ మీద బోర్డు ఉంది. మీట పాడై ఎలా నొక్కినా మూడు కూతలే వచ్చేవి. ఆ సంగతి పై ఆఫీసుకు పదకొండుసార్లు రాశాడు. పదకొండుసార్లూ ‘గమనించడమైనది’ అని జవాబొచ్చింది. ఏం గమనించారో ఆ దేవుడికే తెలియాలి.

అలా ఆ వీధికి ప్రమాదం రోజూ పదింటికి వచ్చి పోయేది. కొట్ల షట్టర్లు ఆ కూతకే లేచేవి. బడిగంట దాని తర్వాతే కొట్టేవారు. కుట్టుమిషన్ పెట్టుకున్న తాత కూతురు కూడా అది విన్నాకే షాపు తలుపు తీసేది. ఓ ఏడాది నిజంగానే నీళ్లు పెరిగి మధ్యాహ్నం మూడింటికి సైరన్ మోగిస్తే, "తాత ఇవాళ రెండుసార్లు నిద్రలేచాడర్రా!" అని వీధంతా నవ్వుకుంది. ఒక్కరూ కదల్లేదు. అదృష్టం బాగుండి నీళ్లు అంచు దాకా వచ్చి ఆగాయి. అనుమతి లేకుండా మోగించినందుకు తాతకు మెమో మాత్రం ఆగలేదు. ఎవరూ వినని కూతకు తానొక కాపలాదారునని ఆనాడే ఆయనకు అర్థమైంది. అది ముల్లులా లోపలే ఉండిపోయింది.

మళ్లీ కొన్నేళ్లకు ఓ రోజు పొద్దున తొమ్మిదీ ముప్పై అయిదుకు చూస్తే నీళ్లు ఎర్రగీత దాటాయి. చప్పుడు లేదు, అల లేదు. ఆనకట్ట గోడ అడుగున రాళ్ల సందుల్లోంచి బురదనీరు ఊరుతోంది. వీధిలోవాళ్లకు ఎత్తయిన గోడ తప్ప వెనకున్న నీళ్లు కనిపించవు. తాత ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"సార్, గోడ కింద ఊట మొదలైంది. ఆట్టే సేపు ఆగేట్టు లేదు."

"ఇంజనీరు గారు సెలవులో ఉన్నారు. ఆయన సంతకం లేకుండా ప్రమాదం సైరన్ వెయ్యకూడదని తెలుసుగా?"

"మరి కింద జనం, సార్?"

"ఎలాగూ పదింటికి మామూలు సైరన్ వేస్తావుగా! నీ దగ్గర రెండూ ఒకటేగా? వేసెయ్."

కూతురి షాపుకు చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంకా తెరవలేదు. దిగి వెళ్దామంటే అరిగిన మోకాళ్లతో అరగంట పడుతుంది. వెళ్లినా నమ్మేదెవరు?

పదవుతుండగా మీట మీద చెయ్యి వేశాడు. అప్పుడు తట్టింది ఆయనకు. ఇది నొక్కితే షట్టర్లు లేస్తాయి, పిల్లలు తరగతుల్లోకి వెళ్తారు, కూతురు మిషన్ ముందు కూర్చుంటుంది. అందరినీ ఆ గోడ కింద కూర్చోబెట్టేది తన కూతే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పది దాటింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. తాతకు చెడ్డ భయమేసింది, దాంతోపాటు ఒళ్లు తేలికైనట్టూ అనిపించింది. ఇరవై రెండేళ్లలో పదింటికి మీట నొక్కకుండా ఉండటం ఇదే మొదటిసారి.

కాసేపటికి గుట్ట మలుపులో జనం కనిపించారు. ముందు కూతురు ఏడుస్తూ పరిగెత్తుకొస్తోంది. వెనక నలుగురు మడత మంచం మోసుకొస్తున్నారు. బడిగంట కొట్టలేదు గనక పిల్లలూ, వాళ్ల వెనకే మాస్టారూ. కూత తాత పోయాడనుకుని వీధి వీధంతా శవం కోసం బయల్దేరింది!

"నాన్నా! బతికే ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ముందు అటు చూడు."

"మరి కూత ఎందుకెయ్యలేదయ్యా? మా గుండెలు జారిపోయి..." అంటూ వచ్చిన కిరాణా కొట్టాయన నీళ్లను చూసి వెనకవాళ్లకు చెయ్యెత్తి చూపించాడు. మరుక్షణం మంచం మోసినవాళ్లు కేకలు పెట్టుకుంటూ కిందికి పరిగెత్తారు. తాత కోసం తెచ్చిన ఆ మంచం మీదే కదల్లేని ముసలివాళ్లు ముగ్గురు గుట్టెక్కారు.

పదకొండు కాకముందే గోడ విరిగింది. వీధి ఉన్నచోట మట్టిరంగు నీళ్లు సుళ్లు తిరిగాయి. కూతురి షాపు ఎక్కడుండేదో గుర్తుపట్టే వీలు కూడా లేదు. కూతురు తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మాస్టారు పిల్లల్ని లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెడుతున్నాడు.

గదిలో ఫోను మోగింది.

"పదింటి సైరన్ వేసినట్టు నీ దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. మరిచిపోయావా?"

తాత తలుపులోంచి పిల్లలవైపు చూశాడు. లెక్క సరిపోయినట్టుంది, మాస్టారు నేలమీద కూలబడి ఏడుస్తున్నాడు.

"మరిచిపోలేదు సార్," అన్నాడు. "వెయ్యలేదు."