గ్రేసక్క చేసిన రాజకీయం

తొర్రూరు పక్కన మా ఊళ్ళో గ్రేసక్క వారమంతా పత్తి ఏరడానికి పోతుంది, ఆదివారం చర్చిలో చాపలు పరుస్తుంది. ఆమె తండ్రి పాపయ్య చాన్నాళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, చనిపోయిన భార్య కొమురవ్వ పక్కనే తననూ పెట్టాలని. కొమురవ్వ సమాధి ఊరవతల బొందలగడ్డలో ఉంది. అక్కడికి పోయే బాటకు అడ్డంగా పక్క పొలం ఆసామి పరశురాములు ముళ్ళకంచె వేసి, ఆ జాగా తన చెలకలో కలుపుకున్నాడు.

చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ గ్రేసక్క లేచి నిలబడింది. "బొందలగడ్డకు బాట లేకపాయె. అందరం కలిసి పంచాయతీ ఆఫీసుకు పోదాం. రేపు మనల్ని ఏడ పెడ్తరు?" అంది.

పాస్టర్ దేవదానం గారు చెయ్యెత్తి ఆపేశారు. "సహోదరీ, దేవుని మందిరంల రాజకీయాలు వద్దు. మనం పరలోకానికి చెందినోళ్ళం."

పరలోకం పోయేవాళ్ళకు బొందలగడ్డ బాట అక్కరలేదనుకున్నారేమో, మా సంఘ పెద్దలందరూ తలలూపారు. సిగ్గులేని తలలు.

అంతలో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. నిలబడింది ఎవరనుకున్నారు, ఈ పరశురాములే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. ఆదివారం చర్చికొచ్చి కొత్త మైకుసెట్టు ఇచ్చాడు. రాజకీయాలు వద్దన్న పాస్టరు గారే ఆయనను ముందుకు పిలిచి, శాలువా కప్పి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టారు. "ఈ బిడ్డను మా ఊరికి దావీదు రాజు లెక్క నిలబెట్టు ప్రభువా" అని కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఇది రాజకీయం కాదట, ఆశీర్వాదమట! నాకు ఒళ్ళు మండిపోయింది.

మా చర్చిలో ఒక పద్ధతుంది. పాస్టరు ముగించాక ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్ళు గొంతెత్తి ప్రార్థించవచ్చు. ఎవరి ప్రార్థననూ మధ్యలో ఆపకూడదు. చివర అందరూ ఆమెన్ అనాలి.

గ్రేసక్క కళ్ళు మూసుకుని అందుకుంది.

"ప్రభువా, గీ పరశురాములన్న బొందలగడ్డ బాటకు కంచె ఏసిండు. మా బాపు పాణం పోతే ఎటు తీస్కపోవాలె? గీ కంచె తీసేటట్టు అన్నకు మనసియ్యి తండ్రీ."

పాస్టరు గారు దగ్గారు, గొంతు సవరించుకున్నారు. ఆమె వింటేగా! చివర ఆడవాళ్ళంతా కప్పు ఎగిరిపోయేలా ఆమెన్ అన్నారు. ఓట్లన్నీ ఆ చాపల మీదే కూర్చున్నాయి మరి, మోకాళ్ళ మీదున్న పెద్దమనిషి కూడా ఆమెన్ అనక తప్పలేదు.

రెండు రోజుల్లో కంచె లేచిపోయింది. ఆ వారమే పాపయ్య కన్నుమూశాడు.

బొందలగడ్డ బాట మీద శవం ముందు బైబిలు పట్టుకుని నడుస్తూ పాస్టరు గారు అందరికీ వినబడేలా అన్నారు, "చూసిన్రా, రాజకీయాల జోలికి పోకుంటె దేవుడే బాట తెరిచిండు."

గ్రేసక్క ఏడుపు ఆపి ఆయన వైపు తిరిగింది.

"అయ్యగారూ, మీరు రాజకీయం అన్నది గిదే. గిప్పుడు దాని మీదనే నడుస్తున్నరు. జర చెప్పులిడిచి నడువుండ్రి."