చేరింది, కానీ బదులు రాలేదు

ధర్మపురి దగ్గర పాపారపట్టి మాది. చెన్నైలో విమానాల నియంత్రణ గదిలో శిక్షణ పొందుతున్నప్పటి సంగతి ఇది. అక్కడ పైలట్లకు కొన్ని ఆదేశాలు టైపు చేసి పంపుతాం.

ఆ మధ్యాహ్నం రెండు విమానాల దారులు సరిగ్గా మా ఊరి మీద కలుస్తున్నాయి. మొదటిదాన్ని ఇంకా పైకి ఎక్కమని సందేశం పంపాను. తెర మీద ‘చేరింది’ అని పడింది. అది ఖాళీ చేసే ఎత్తుకు రెండోదాన్ని రమ్మని టైపు చేసి, బటన్ మీద వేలు పెట్టాను.

నాకు నేర్పే అక్క, మా పక్కనే కడత్తూరు ఊరిది, చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“బదులొచ్చెనా?”

“చేరిందక్కా.”

“చేరింది మిషన్‌కి. పైలట్ సరే అనినాడా? మీ అమ్మకిచ్చే మిస్డ్ కాల్ అనుకుంటివా?”

నిజమే. మా ఇంట్లో ఒక్క రింగు వస్తే చాలు, ఫోన్ ఎత్తరు; మనిషి క్షేమంగా చేరినట్టే.

తెర మీద రెండు విమానాల గుర్తులూ దగ్గరవుతున్నాయి. వాటి కింద ఎక్కడో వేరుశనగ చేలో అమ్మ ఉంది. చివరికి మొదటి విమానం నుంచి బదులొచ్చింది: ‘ఎక్కలేము.’

రెండోదాన్ని అదే ఎత్తుకు రమ్మనే, నేను పంపని సందేశం ఇంకా తెర మీదే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ ఎత్తేదాకా ఫోన్ ఆపలేదు.

“రింగు ఇచ్చినావు కదరా, చాలదా?” అంది.

“చాలదమ్మా” అన్నాను.