మా ఇంటి మంగళవారం

పోయిన నెల కరెంటు బిల్లు కట్టి వస్తూ, మా వీధి చివర ఉన్న జూనియర్ కాలేజీ గేటు దగ్గర కాసేపు ఆగాను. మోకాళ్ళ నొప్పి వల్ల ఆగానని ఇంట్లో చెప్పాను గాని, అసలు కారణం లోపలి నుంచి వచ్చిన సాంబారు వాసన. ఇప్పుడు కాలేజీ పిల్లలకు కూడా మధ్యాహ్నం భోజనం పెడుతున్నారట. స్టీలు పళ్ళాలు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడ్డారు. రెండు జడల పిల్ల ఒకతె లెక్కల పుస్తకం చంకలో ఇరికించుకుని, "ఆ పెద్ద గుడ్డు ఎయ్యండి, అది కాదు, ఆ పక్కది" అని వడ్డించే ఆవిడతో బేరం పెట్టింది. డెబ్బై దాటిన మనిషిని, ఆ పిల్లను చూసి నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, కాని రెండోసారి. మొదట కలిగింది అసూయ. మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకే ఆ వేడిని నేను వెంటనే గుర్తుపట్టాను. మా ఇద్దరికీ పాత పరిచయం. మొదటిసారి అది నన్ను పట్టుకున్నది విజయనగరంలో, మా వంటింటి గుమ్మంలో, పందొమ్మిది వందల అరవైల చివర.

అప్పట్లో కాలేజీ చదువుకు ఊళ్ళనుంచి వచ్చిన పేద పిల్లలకు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చేది. అది పరీక్షలైపోయాక, పిల్లలు ఇళ్ళకు పోయాక, తీరిగ్గా వచ్చేది. ఈలోగా బతకడానికి వారాలు చేసుకునేవారు. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు మాట్లాడుకుని, రోజుకొక ఇంట్లో తిని చదువుకోవడమే వారాలు చేసుకోవడం. మా ఇంటికి మంగళవారం వచ్చింది. మా నాన్న గోగునార కొట్టులో గుమస్తా. సాలూరు నుంచి నార తెచ్చే లారీ డ్రైవరు ఒకసారి సరుకుతోపాటు ఒక కుర్రవాణ్ణి కూడా దింపి, "గుమస్తాగారూ, మా ఊరి గుంటడు. పి.యు.సి.లో సీటొచ్చినాది. ఆరిళ్ళు దొరికినాయి, మంగళారం కాళీగున్నాది" అన్నాడు. నాన్న నార బేళ్ళ మధ్య పడుకోవడానికి గోదాములో చోటు చూపించి, మంగళవారం మా అమ్మకు అప్పగించాడు. వాడికి పేరుండేది. మా ఇంట్లో మాత్రం వాడు మంగళవారం గుంటడే. బుధవారం ఇంట్లో బుధవారం గుంటడు అయి ఉంటాడు.

వాడిదీ నాదీ ఒకటే ఈడు. నేను నాలుగు నెలలు పెద్ద. అందుకని మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని, మా అమ్మను పిన్నీ అని పిలిచేవాడు. నేనూ ఆ ఏడే ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను, వాడికంటే మంచి మార్కులతో. నాన్న నా మార్కుల కాగితాన్ని కళ్ళకద్దుకుని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాడు. "ఇంక సాలమ్మా. సదువొచ్చేసినాది గదా" అన్నాడు. సదువొచ్చేసిన నన్ను ఊరుకోబెట్టడానికి తన పేర లైబ్రరీలో డిపాజిట్ కట్టి కార్డు తెచ్చి ఇచ్చాడు. అదొక్కటి మాత్రం ఆయన చేసిన మేలు. నేను ఆ లైబ్రరీని ఎడమవైపు బీరువా నుంచి మొదలుపెట్టి నమలడం ఆరంభించాను. ఏది ముందో ఏది వెనకో చెప్పేవాళ్ళు లేరు. గ్రహాల సంగతి చదివిన మర్నాడు కోళ్ళ పెంపకం, ఆ మర్నాడు ఫ్రాన్సు దేశపు విప్లవం. ఆరు నెలలకు నా తలలో సామాను చాలా చేరింది. కాని దేని పక్కన దేన్ని పెట్టాలో తెలియని అద్దెకొంపలా ఉండేది. ఆ సామానంతటినీ మంగళవారాలు ఆ గుంటడి మీద ప్రయోగించేదాన్ని.

వాడు పన్నెండున్నరకు వచ్చేవాడు. పుస్తకాలు అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, తల వంచుకుని కూర్చునేవాడు. అమ్మ వాడి ముందు పీట వేసుకుని కూర్చుని విసనకర్రతో విసిరేది. మా తమ్ముడికీ నాకూ కంచాలు పడేసి పోయే మనిషి, వాడికి విసిరేది. పప్పు, వంకాయ పచ్చికారం, ఆఖర్న పెరుగు మీద మీగడ మొత్తం గరిటెతో తీసి వాడి అన్నం మీద. "తిను నాయనా, సదువుకున్నోడి బుర్రకి బలం కావాల" అనేది. గుమ్మంలో నిలబడి నేను ఆ మీగడను చూసేదాన్ని. ఆ బుర్రకి బలమెంత ఉందో చూద్దామని ఒక మంగళవారం, "శనిగ్రహం చుట్టూ వలయాలు ఏటితో తయారైనాయో తెలుసా?" అని అడిగాను. వాడు ముద్ద మింగి, నెమ్మదిగా, "అది మా సిలబస్‌లో లేదప్పా" అన్నాడు.

ఆ మాట నన్ను కాల్చేసింది. తెలియదంటే గెలిచానని పొంగిపోయేదాన్ని. సిలబస్‌లో లేదట! ఏది చదవాలో, ఏది చదవక్కర్లేదో చెప్పడానికి వాడికి ఒక కాలేజీ, పదిమంది లెక్చరర్లు ఉన్నారు. నాకు శని వలయాలూ కోళ్ళ తెగుళ్ళూ అన్నీ ఒకటే బరువు. వాడు తింటున్నంతసేపూ నేను అరుగు మీదకు పోయి వాడి పుస్తకాలు తెరిచి చూశాను. లోపల కాలేజీ ముద్ర, దాని కింద వాడి పేరు, రోల్ నంబరు. రోల్ నంబరు మీద వేలు పెట్టి రుద్దాను. చెరగలేదు.

సరిగ్గా ఆ రోజే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "వచ్చే మంగళారం మనం అరసవిల్లి మొక్కుకెల్తాం గదా, పెద్దమ్మ ఇంటికాడే ఉండిపోతాం. ఆ పూటకి మిఠాయికొట్టు సందులో మీ అత్త పెడతానన్నాది. సేయి కడుక్కోడానికి పెరట్లోకొచ్చినప్పుడు గుంటడికి సెప్పు" అంది. వాడు పెరట్లోకి వచ్చాడు. నేను చెంబుతో నీళ్ళు పోశాను. వాడు రెండు చేతులూ కడుక్కున్నాడు, మూతి కడుక్కున్నాడు, "వస్తానప్పా" అన్నాడు. నేను ఊఁ అన్నాను. అంతే జరిగింది. చెప్పకూడదని అనుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు. నోరు తెరవలేదు, అంతే. చెంబు బోర్లించి లోపలికి వచ్చాను.

అరసవల్లిలో దండం పెట్టుకుని, పెద్దమ్మ ఇంట్లో పులిహోర తిని, బుధవారానికి ఇల్లు చేరాం. సందులో అత్త గుమ్మంలోనే పట్టుకుంది. "మీ గుంటడు రాలేదే వదినా! దొండకాయ ఏపినాను, పెసరపప్పు పాయసం సేసినాను. రెండైందాకా సూసి కుక్కకెట్టినాను" అంది. అమ్మ మొహం చిన్నబోయింది. ఆ పై మంగళవారమూ వాడు రాలేదు. అమ్మ ఒంటిగంట దాకా చూసింది. "ఇంకెవలింట్లోనో కుదిరుంటాది. మన పచ్చికారం కన్నా బాగుంటాది కాబోలు. సెప్పడానికి నోరు రాక మానీసినాడు" అని కంచం తీసేసింది. నాన్నతో కబురు పెట్టొచ్చు, వాడు పడుకునేది ఆయన కొట్టు గోదాములోనే. అమ్మ వద్దంది. పెట్టేవాళ్ళు బతిమాలితే బాగుండదని ఆమె లెక్క. నేను మీగడ వేసుకుని తిన్నాను. ఏ రుచీ లేదంటే నమ్మేస్తారేమోగాని, అబద్ధం. బాగానే ఉంది.

అంతటితో ఊరుకోలేదు. ఆ సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుని కూర్చోగానే దగ్గర చేరి, "మంగళవారం గుంటడు మానేశాడు కదా నాన్నా, వాణ్ణి చదివించిన పుణ్యమేదో నన్ను చదివించి మూటగట్టుకోకూడదా? జూన్‌లో కాలేజీ తీస్తారు" అన్నాను.

"ఆణ్ణి నేనేటి సదివించినాను? ఒక పూట కూడెట్టినాం. సదువు ఆడే సదువుకుంటన్నాడు" అన్నాడు నాన్న.

"అయితే నేనూ అలాగే చదువుకుంటాను. వారాలు చేసుకుంటాను."

నాన్న పడిపడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆడగుంటకి వారాలెవలెడతారే? ఏ ఇంట్లో పీటేత్తారు? ముందు నీకు ఇల్లు నేదేటని అడుగుతారు" అన్నాడు. ఆయన ఎగతాళిగా అనలేదు. ఊళ్ళో ఉన్న సంగతే చెప్పాడు. నేను అంతవరకు వాడి చదువుకు, వాడి పుస్తకాలకు, వాడి మీగడకు కుళ్ళుకున్నాను. ఆ సాయంత్రం నుంచి వాడి పేదరికానికి కూడా కుళ్ళుకోవడం మొదలుపెట్టాను. అది చూపించి తలుపు తట్టొచ్చు. ఇంట్లో తిండికి లోటులేని ఆడపిల్ల ఏ తలుపు తట్టి ఏమని చెప్పుకుంటుంది?

మూడో మంగళవారం మధ్యాహ్నం ఉండబట్టక లైబ్రరీకి పోయాను. ఆ వేళప్పుడు లైబ్రేరియన్ భోజనానికి ఇంటికి పోయేవాడు. పేపర్ల గది మాత్రం తెరిచి ఉంచేవాడు. ఆ గది ఆ గంటసేపు నా సొంతం. కిటికీ పక్క కుర్చీ నాది. చూస్తే, నా కుర్చీలో మంగళవారం గుంటడు! నా పేపరే చదువుతున్నాడు. నా చెవులు మళ్ళీ వేడెక్కాయి. ఈ ఒక్కటీ కూడా వీడికే కావాలా అనుకున్నాను. స్తంభం పక్కన నిలబడి చూస్తుండగా వాడు లేచి, మూల కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తాగాడు. వచ్చి కూర్చున్నాడు. ఒక పేజీ తిప్పాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ తాగాడు. మూడోసారి లేచినప్పుడు నాకు అర్థమైంది. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఇక్కడేటి సేస్తన్నావు? మంగళారం మా ఇంటికి రావడం మానీసినావేటి?"

వాడు లేచి నిలబడ్డాడు. "తాళం ఏసినారు గదప్పా."

"అయితే?"

"అర్థమైపోనాది. మొగం మీద సెప్పడానికి పిన్నికి మొగమాటం. దసరా ముందు గురువారం ఇంటోళ్ళూ అలాగే ఈదిలో తాళమేసి పెరటి దారిన తిరిగినారు. తాళమేసినాక మల్లీ ఎల్లకూడదు. అడక్కూడదు." నన్ను ఓదారుస్తున్నట్టుగా చెప్పాడు. "ఎవలిల్లు ఆళ్ళిష్టం. మీమీద నాకేటీ నేదు."

వారాలు మాన్పించడానికి తాళం ఒక మర్యాద అని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడైనా నేను నిజం చెప్పాలి. నా నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "నీకేటి! ఊరు ఊరంతా కూడెట్టి సదివిస్తన్నాది. నన్ను మా నాన్న ఒక్కడు సదివించడు" అన్నాను.

వాడు నా వైపు మొదటిసారి తలెత్తి చూశాడు. వాడికి కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. "నీకేటప్పా! వారమంతా ఒకింట్లోనే తింతావు. నాకు సోమవారం కారం, బుధవారం సప్పన. ఏ ఇంట్లో మారడగొచ్చో, ఏ ఇంట్లో అడిగితే మొగం మాడ్సుకుంతారో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో గుర్తెట్టుకోడానికే నా తెలివంతా సరిపోతాది. ఇంక లెక్కలెక్కడెక్కుతాయి? ఒక్కరోజైనా ఆకలేస్తన్నాదని గట్టిగా అరిసి పీటేసుకుని కూసోవాలని ఉంతాది నాకు. నిన్ను సూస్తే ఎంత కుళ్ళో తెలుసా?"

నా మీద కూడా ఒకరు కుళ్ళుకోగలరని నేనెన్నడూ ఊహించలేదు. "పద, అమ్మ రమ్మన్నాది" అన్నాను. అది అబద్ధం. వాడు రెండుసార్లు నిజమేనా అని అడిగి, వెనక పది అడుగుల దూరంలో నడిచి వచ్చాడు.

అమ్మ వాణ్ణి గుమ్మంలో చూసి ముందు బిగుసుకుంది. "నేనే చెప్పడం మరిచిపోయానమ్మా. తాళం చూసి మాన్పించేశామనుకున్నాడు" అన్నాను. అమ్మ పీట వేసింది. వడ్డించింది. "మంగళారాలు ఏటి తిన్నావు నాయనా?" అని మాత్రం అడిగింది. "ఏటీ నేదు పిన్నీ, సదువుకున్నాను" అన్నాడు వాడు. మూడుసార్లు మారు అడిగాడు. వాడు వెళ్ళాక అమ్మ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మరిసిపోనావా?" అంది.

నేను వాడు తిన్న కంచం తీయబోయాను.

"గుంటడు కడుపు మాడ్చుకుని సదువుకుంటంటే, నేను అరసవిల్లిలో దేవుడికాడ కడుపు నిండా తిన్నానే! నీకు కాలేజీ కావాలంటే మీ నాన్నతో దెబ్బలాడు, నాతో దెబ్బలాడు. కూడుతో దెబ్బలాడతావేటే?" అని కొంగుతో మొహం కప్పుకుంది. నన్ను కొట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆ తర్వాత ఆ జూన్‌లో అమ్మే నా తరఫున నాన్నతో దెబ్బలాడింది, రెండు రోజులు. ఓడిపోయింది. వాడి పరీక్షలయ్యేదాకా మంగళవారాలు వాడికి విసరడం నా పని చేసింది. విసిరాను. వాడు వద్దంటూనే ఉండేవాడు. శని వలయాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వాడు సెకండ్ క్లాసులో ప్యాసయ్యాడు. డిగ్రీకి హాస్టల్లో చోటు దొరికింది, పాత స్కాలర్‌షిప్ కూడా ఆలస్యంగానైనా వచ్చింది. వారాలు చేసుకునే అవసరం తీరిపోయింది. వెళ్ళే ముందు అమ్మ కాళ్ళకు దండం పెట్టి, పి.యు.సి. పుస్తకాలన్నీ తాడుతో కట్టి నా చేతిలో పెట్టాడు. నేను వాటిని ఆ ఏడాదంతా చదివాను. పరీక్ష రాయడానికి నాకో నంబరు లేదు కాబట్టి అందులో ప్యాసయ్యానో లేదో ఇప్పటికీ తెలియదు. తర్వాత వాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, తన ఇంట్లో తన పీట మీద ఏడు రోజులూ తినే రోజులు వచ్చాయి. నేను ఇన్నేళ్ళూ లైబ్రరీ మెంబరుగానే ఉండిపోయాను. ఇద్దరు కుళ్ళుకున్నవాళ్ళలో ఒకడు అడిగింది కాలం చాలా తొందరగానే తెచ్చి ఇచ్చింది. నేనడిగింది మాత్రం ఎక్కడ పెట్టిందో ఏమో, ఏటా నా దగ్గరకు వచ్చి, దాని బదులు ఇంకో ఏడాది చేతిలో పెట్టి పోతోంది.