చన్నీళ్ల పంతం

తెలంగాణ కోసం చేసిన సమ్మె ముగిసి మళ్లీ డ్యూటీలు మొదలైన ఏడాది అది. తెలంగాణ ఇంకా రాలేదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ పెరట్లో బొగ్గుల పొయ్యి ఒక్క పూట కూడా చల్లారేది కాదు. మా ఆయన బొగ్గుబాయిలో, గని అడుగుకు దిగే మనిషి. ఆయన ఇంటికొచ్చేదాకా వేడినీళ్ల కాగు పొయ్యి మీదే ఉండాలి. మా వరుసలోని ఆడవాళ్లందరికీ అదే పట్టింపు. మనిషి ఇంకా భూమి లోపల ఉండగా ఆయన నీళ్లు దించితే కీడని భయం. నాకు ఆ భయం నలుగురికంటే ఎక్కువే.

అలాంటి ఇంట్లో, చలి ఇంకా ముదరకముందే ఆయన కొత్త పంతం పట్టాడు.

"రేపటి సంది నాకు వేడినీళ్లు పెట్టకు."

టీవీలో పొద్దున ఎవరో చెప్పారట. చన్నీళ్లు పోసుకుంటే రక్తం బాగా తిరుగుతుందట, ఒళ్లునొప్పులు తగ్గుతాయట, కమ్మగా నిద్ర పడుతుందట.

"బీపీ గోళీలు మింగేటోనివి, గిదేం పంతమయ్యా?" అన్నాను.

"నీకు అన్నిటికీ ఫికరే. మసి పోకుంటే ఇంకోసారి సబ్బు రుద్దుకుంట, తియ్యి."

అబద్ధమెందుకు, గుణం కనిపించింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేయగానే మొహం తేటపడేది. మంచం మీద వాలగానే గురక. మోకాళ్ల నొప్పి మాట ఎత్తడమే మానేశాడు. అయినా నా ప్రాణం కుదుటపడలేదు. ఆయన బాత్రూంలోకి పోతే బియ్యం చాట పట్టుకుని తలుపు బయట కూర్చునేదాన్ని. లోపల చెంబు చప్పుడు వినిపిస్తున్నంతసేపే నా చేతులు రాళ్లు ఏరేవి.

"పోలీసోని లెక్క కావలి గూసుంటవేందే?" అని లోపలి నుంచే ఎగతాళి చేసేవాడు.

చలి ముదిరాక ఒకనాటి పొద్దున డ్యూటీ దిగి గబగబా నడిచొచ్చాడు. ఒళ్లంతా చెమట. చాయ్ కూడా తాగకుండా బాత్రూంలో దూరి గడియ వేసుకున్నాడు. డ్రమ్ములో నీళ్లు రాత్రంతా మంచుకు చల్లబడ్డవి. తల మీద ఒక చెంబు కుమ్మరించుకున్న చప్పుడు విన్నాను. రెండో చెంబు చప్పుడు రాలేదు.

"ఏమయ్యా?"

చెంబు కిందపడి దొర్లింది. రోకలి తెచ్చి ఆ రేకు తలుపును ఎన్ని దెబ్బలు కొట్టానో నాకే తెలియదు. గడియ ఊడింది. ఆయన రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు. నోరు తెరిచే ఉంది, ఊపిరి మాత్రం అందడం లేదు. మసి చారల మధ్య నుంచి కళ్లు నన్నే చూస్తున్నాయి. పోయాడనే అనుకున్నాను. దేవుళ్లందరినీ తిడుతూ వీపు రుద్దాను. చివరికి బొంగురుగా ఒక్కసారి గాలి పీల్చాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి మండిపడింది.

"చన్నీళ్లు మంచివే, కానీ అందరికీ కాదు. బీపీ పెట్టుకుని, వేడి ఒంటి మీద ఒక్కసారే తల మీద పోసుకుంటారా? గుండె ఏమైపోవాలి? ఇక గోరువెచ్చని నీళ్లే పోసుకోండి."

ఆయన బుద్ధిగా తలూపాడు. తిరిగి ఆటోలో వస్తుంటే నేను ఆయన రెక్క వదల్లేదు. ఆయన దుప్పటి కప్పుకుని బయటికి చూస్తున్నాడు.

"నీకు భయం కాలేదా?" అని అడిగాను.

"భయమెందుకే? ఊపిరి ఆగుడు నాకు కొత్తనా? బాయిల కప్పు గూలినప్పుడు గూడ గిట్లనే ఆగింది."

నేను ఆయన మొహం వైపు తిరిగాను. "ఎప్పుడు గూలింది?"

"ఎప్పుడో. దెబ్బలేం తాకలే. చెప్తే నీకు నిద్ర వట్టదని చెప్పలే."

ఎంత అడిగినా అంతకుమించి చెప్పలేదు. కప్పు కూలిన ఆ రోజు కూడా ఇంటికొచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని నన్ను ఆటపట్టించి, కడుపునిండా తిని పడుకుని ఉంటాడు. అది ఏ రోజో ఇప్పటికీ నాకు తెలియదు.