టైర్లు మార్చినానన్న మా నాయనతో కాణిపాకం దాకా

మా నాయన గుండెలో స్టెంటు వేసి ఏడాదయింది. ఆ ఏడాదంతా ఆయన సైకిల్ వరండా గోడకు ఆనుకుని, ఆయనేమో దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ గడిపారు. పోయిన నెల డాక్టరు "ఇక నిదానంగా తొక్కొచ్చు" అన్నాడు. ఇంటికి రాగానే నాయన, తిరుపతి నుంచి కాణిపాకం దాకా సైకిల్ మీదే పోయి వినాయకుడికి దండం పెట్టుకుని వస్తానని ప్రకటించాడు. నిదానంగా అంటే దాదాపు డెబ్బై కిలోమీటర్లని డాక్టరు ఉద్దేశమై ఉండదు. కానీ మా ఇంట్లో మాటలకు అర్థాలు చెప్పే అధికారం నాయనది.

అమ్మ రెండు షరతులు పెట్టింది. ఒకటి, నేను నా సైకిల్ మీద ఆయన వెంటే ఉండాలి. రెండు, ఆయన సైకిల్‌కున్న అరిగిపోయిన టైర్లు మార్చాలి. తాను బస్సులో ముందే పోయి గుడి దగ్గర కూర్చుంటానని, షరతు తప్పితే సైకిల్ నేరుగా పాత ఇనుము అంగడికే పోతుందని తీర్పు చెప్పింది. ముందురోజు సాయంత్రం నాయన చేతులకు గ్రీజుతో లోపలికొచ్చి, "టైర్లు మార్చినాను" అన్నాడు. అమ్మ సంతోషించి ఆ పూట కాఫీలో చక్కెర కూడా వేసింది.

తెల్లవారకముందే బయలుదేరాం. ఎండ ఎక్కకముందే సగం దూరం లాగేయాలంటే ఇదే మంచి వేళ. చంద్రగిరి దాటాక రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు, చట్నీ ఎంతడిగితే అంత. బండి నడిపే ఆమె నాయనను ఎగాదిగా చూసి, "ఏం పెద్దాయనా, కాణిపాకానికి బస్సుల్లేవా?" అంది.

"ఉండాయిమ్మా. బస్సులో పోతే మొక్కు బస్సుకు పోతాది."

అక్కడి నుంచి మామిడి తోటల మధ్యగా పోవాలి. రోడ్డు బాగుంది, అంచున చోటుంది, లారీలు మాత్రం మనల్ని లెక్కలో వేసుకోవు. దామలచెరువు ఇంకొంచెం దూరం ఉందనగా నాయన వెనక టైరు ఏదో సీసా పెంకు ఎక్కి, తాలింపు వేసినట్టు చుయ్యిమంది. దిగి చూస్తే చిన్న పంచరు కాదు, టైరు పక్కన వేలు దూరేంత చీలిక. ఊళ్లోకి నడిపించుకుంటూ పోయాం. మార్కెట్టు దారిలో రెడ్డెప్ప అనే ఆయన సైకిల్ షాపు దొరికింది.

రెడ్డెప్ప టైరు ఊడదీసి, వంచి, వెలుతురుకు పెట్టి చూశాడు. "దీన్ని యాడ పట్టినావప్పా? దారాలన్నీ బయటికొచ్చి గాలి పీల్చుకుంటాండాయి."

నేను నాయన వైపు తిరిగాను. "టైర్లు మార్చినానంటివి గదా?"

"మార్చినాను."

"ఇదేంది మల్ల?"

"ముందుది వెనక్కేసినాను, వెనకది ముందుకేసినాను. మార్చడమంటే ఇంగేందిరా?"

రెడ్డెప్ప పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు.

ఇక విచారణ మొదలైంది. చీలిక దగ్గర లోపలి వైపు పాత టైరు ముక్క పెట్టి, ట్యూబుకు పంచరు వేస్తే యాభై రూపాయలు. కొత్త టైరు బిగింపుతో కలిపి నాలుగు వందల దాకా. నాయన కొలత టైరు షాపులో ఒకటే ఉంది. ఆయన ముక్క వైపే మొగ్గాడు. డబ్బు కోసం కాదు, వ్యూహం కోసం. "రెండూ పాతవైతే దుమ్ములో తేడా తెలీదు. ఒకటి కొత్తది వేస్తే రెండోది మీ అమ్మ ముందర సాక్ష్యం చెప్తాది. సైకిల్ పోతాది రా."

నేను రెడ్డెప్పను అడిగాను. "అన్నా, ముక్క పెడితే ఇది కాణిపాకం దాకా పోతాదని ప్రమాణం చేస్తావా?"

ఆయన చేతిలో పని ఆగిపోయింది. మా వైపు కాణిపాకంలో ప్రమాణమంటే పంచాయితీలే తెగుతాయి, అక్కడ అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. "ఆ మాట ఇంగ యాడన్నా అడుగు, ఈ దావలో అడగొద్దు సామీ. పోతే పోతాది. లారీ ముందర టప్పుమంటే నన్ననొద్దు."

నాయన ఆఖరి అస్త్రం తీశాడు. చొక్కా మీద చెయ్యి వేసి, "నా గుండెకు అతుకేసినారు గదరా. అది ఈడిదాకా తొక్కలేదా?" అన్నాడు.

"నీకు రెండో గుండె దొరక్క అతికినారు నాయనా. ఈడ కొత్తది గోడకు తగిలించి ఉండాది."

ఆయన కాసేపు ఆ గోడ వైపు చూశాడు. లారీలు పోతున్న రోడ్డు వైపు కూడా చూశాడు. తర్వాత మెల్లగా, "వెయ్యప్పా కొత్తది" అన్నాడు. పాతదాన్ని మాత్రం పారేయనివ్వలేదు. చుట్టచుట్టి క్యారియర్‌కు కట్టుకున్నాడు. పూతలపట్టు దాకా ఆయనే ముందు తొక్కాడు. నేను లారీ వచ్చిన ప్రతిసారీ ఆయన వెనక చక్రం వైపే చూస్తూ తొక్కాను.

మధ్యాహ్నానికి కాణిపాకం చేరాం. అమ్మ సైకిల్ స్టాండు దగ్గరే కాపు కాసింది. నాయన ముఖం చూడకముందే చక్రాలు చూసింది.

"వెనకది కొత్తది. ముందుది?"

"మార్చినానని చెప్పినా గదా..."

"సరే. లోపలికి రా. సామి ముందర ఆ మాటే చెప్పు."

నాయన చెప్పులు విడిచాడు, రెండడుగులు వేశాడు, ఆగాడు. "అది అబద్ధం కాదులే," అన్నాడు. ఇంకాసేపటికి, "నిజం గూడా కాదు" అన్నాడు. టైర్లు ముందువెనక చేసిన సంగతి, దారిలో జరిగింది అంతా చెప్పేశాడు, సీసా పెంకుతో సహా.

అమ్మ క్యారియర్ మీదున్న పాత టైరు విప్పి, చీలికలో వేలు పెట్టి చూసింది. కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడిచింది. "తిరిగి పోతా బస్సు మీదేద్దాం సైకిల్‌ని. ఇంటికి పోయినాక ముందుది గూడా మార్చు. మార్చడమంటే పాతది పారేసి కొత్తది ఎయ్యడం. అర్థమాయెనా?"

"సైకిల్ అమ్మెయ్యవా?"

"నువ్వు మల్లా కుర్చీలో కూర్చుంటే ఎవురు సూస్తారు ఆ మొగం?"

ఇన్నాళ్లూ టైరు అరిగితే మార్చడం డబ్బు సంగతి అనుకునేవాణ్ని. తిరుగు బస్సులో అమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోతున్న నాయనను చూశాక అనిపించింది, కొన్నిటికి అతుకు తప్ప గతి లేదు కాబట్టే, మార్చగలిగినవన్నీ మార్చేయాలి. ఇక మీరు ఈ దారిన పోతుంటే ఒక్క మాట. ట్యూబుకు బెజ్జం పడితే పంచరు వేయించండి. టైరు పక్కన చీలి దారాలు కనిపిస్తే ఆలోచించకండి, కొత్తదే వేయించండి. ఆ పని ఇంట్లో పెద్దవాళ్లకు అప్పగించేటట్టయితే మాత్రం "మార్చు" అనకండి, "కొత్తది కొను" అనండి.